ఆరేడేళ్లుగా ముట్టుకోని స్ట్రోబ్ లైట్లు కొనొచ్చా?

ప్రశ్న: కెమెరా కొని ఏడాదైంది. పోర్ట్రెయిట్లు, చిన్న వస్తువుల ఫొటోలు తీయాలని ఉంది. తెలిసినాయన ఒకరు రెండు స్టూడియో స్ట్రోబ్ లైట్లు (ఫొటో తీసే క్షణంలో మెరిసే పెద్ద ఫ్లాష్‌లు), స్టాండ్లు, సాఫ్ట్‌బాక్సులు కలిపి అమ్ముతానంటున్నారు. ఒక్కో లైటు 400 వాట్ సెకన్లు. "సరదాపడి కొన్నాను, నాలుగుసార్లు వాడి అటక మీద పెట్టేశాను, ఆరేడేళ్లుగా ముట్టుకోలేదు, కొత్తవాటి కిందే లెక్క" అంటున్నారు. కొత్త ధరలో మూడో వంతుకి ఇస్తారట. తీసుకోవచ్చా? ఏమేం చూసుకోవాలి? దీని బదులు ఎల్‌ఈడీ లైటు కొనుక్కుంటే నయమా?

సమాధానం: తీసుకోవచ్చు. కానీ ఆయన గొప్పగా చెబుతున్న "ఆరేడేళ్లుగా ముట్టుకోలేదు" అన్న మాట దగ్గరే మీరు కాస్త ఆగాలి. కెమెరాకో లెన్సుకో అది మంచి గుణం. స్ట్రోబ్ లైటుకి మాత్రం అదే పెద్ద లోపం. స్టూడియోలో రోజూ వందసార్లు వెలిగిన లైటుని, దాని ఒళ్లంతా గీతలున్నా సరే, అటక మీద మెరుస్తూ కూర్చున్న దానికంటే ఎక్కువ నమ్మొచ్చు.

కారణం లోపలున్న కెపాసిటర్లు. స్ట్రోబ్ గోడ ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుని వాటిలో నింపుకుంటుంది, ట్రిగ్గర్ అందగానే మొత్తం ఒక్కసారిగా ఫ్లాష్ ట్యూబులోకి వదిలేస్తుంది. ఈ కెపాసిటర్లలో అల్యూమినియం రేకు మీద చాలా పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది. విద్యుత్తుని ఆపి నిలబెట్టేది ఆ పొరే. లైటు అప్పుడప్పుడూ చార్జ్ అవుతుంటే పొర నిలకడగా ఉంటుంది. ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే అక్కడక్కడా బలహీనపడి కరెంటు లీకవడం మొదలవుతుంది. అలాంటి లైటుని తీసుకొచ్చి నేరుగా ఫుల్ పవర్‌లో ఆన్ చేస్తే కెపాసిటర్ వేడెక్కి, లోపల గ్యాస్ పుట్టి, ఉబ్బుతుంది. ఒక్కోసారి టప్పుమని పగులుతుంది కూడా. అమ్మేవాళ్లు మీ ముందు చాలా హుషారుగా చేసే పని సరిగ్గా ఇదే: ప్లగ్గు పెట్టి, నాబ్ చివరిదాకా తిప్పి, "చూడండి ఎంత వెలుగో" అనడం. ఆయనకి ముందే ఫోన్ చేసి ఆ పని చేయవద్దని చెప్పండి.

బలహీనపడిన పొరని చాలావరకు తిరిగి కట్టుకునేలా చేయొచ్చు. లైటుని అతి తక్కువ పవర్‌లో పెట్టి ఆన్ చేసి, ఫ్లాష్ కొట్టకుండా అరగంట నుంచి గంట వదిలేయాలి. మోడలింగ్ ల్యాంపు (వెలుగు ఎలా పడుతుందో ముందే చూపడానికి ఆగకుండా వెలిగే బల్బు) ఆపేసి ఉంచితే అనవసరపు వేడి ఉండదు. ఆ తర్వాత నాలుగైదు ఫ్లాష్‌లు కొట్టి, పవర్ ఒక స్టాప్ (అంటే రెట్టింపు) పెంచి ఇంకో పావుగంట ఆగాలి. అలా మెట్టుమెట్టుగా ఫుల్ పవర్‌కి చేరాలి. మధ్యలో చిటపట శబ్దం, సన్నటి బుసలాంటి శబ్దం, ఘాటైన రసాయనపు వాసన, తాకితే చురుక్కుమనే వేడి, వీటిలో ఏది కనిపించినా ప్లగ్గు తీసేయండి. ఇక ఆ లైటు మీది కాదు.

ఈ పద్ధతికి ఒక మెలిక ఉంది, చాలామంది చెప్పరు. పాత స్టూడియో లైట్లలో ఎక్కువ భాగం కెపాసిటర్ వోల్టేజీని తగ్గించడం ద్వారానే పవర్ తగ్గిస్తాయి. కెపాసిటర్‌లో నిలవుండే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, పవర్ 1/8కి దించితే వోల్టేజీ దాదాపు 35 శాతానికి పడిపోతుంది. అందుకే తక్కువ పవర్ మీద మెల్లగా నిద్రలేపడం పనిచేస్తుంది. ఐజీబీటీ (ఒక రకం ఎలక్ట్రానిక్ స్విచ్) ఉన్న లైట్లలో అలా కాదు. వాటిలో కెపాసిటర్ దాదాపు ఎప్పుడూ పూర్తి వోల్టేజీలోనే ఉంటుంది. ఫ్లాష్ వెలిగాక మధ్యలో తుంచేయడం ద్వారా పవర్ తగ్గుతుంది. నాబ్ ఎంత కిందికి తిప్పినా కెపాసిటర్‌కి ఒరిగేదేమీ ఉండదు. మీది ఏ రకమో మాన్యువల్లో తెలుస్తుంది. పవర్ తగ్గేకొద్దీ ఫ్లాష్ వ్యవధి కూడా బాగా తగ్గుతుందని రాసి ఉంటే ఐజీబీటీ, తక్కువ పవర్‌లో వ్యవధి ఇంకా పెరుగుతుందని ఉంటే వోల్టేజీ రకం. ఏళ్లుగా మూలనున్న ఐజీబీటీ లైటైతే, మా మాట, వదిలేయడమే మేలు.

ఇంటికి వెళ్లి చూసేముందు ఫోన్లోనే తేలిపోయే సంగతులు కొన్ని ఉన్నాయి. లైటు వెనక ఉన్న చీటీ ఫొటో తెప్పించుకోండి. మోడల్ పేరు, వోల్టేజీ రెండూ అందులో ఉంటాయి. 120 వోల్టుల మార్కెట్ కోసం చేసిన లైటుని 230 వోల్టుల ప్లగ్గులో పెడితే అంతటితో దాని కథ ముగుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడొచ్చని కొందరంటారు. ప్రతి ఫ్లాష్ తర్వాతా లైటు ఒక్క గుక్కలో లాగే కరెంటుని, దానికి తోడు మోడలింగ్ ల్యాంపుని కూడా మోయగల ట్రాన్స్‌ఫార్మర్ బరువూ ఖరీదూ చూస్తే ఆ ఉత్సాహం తగ్గిపోతుంది. కొన్ని లైట్లు రెండు వోల్టేజీలకీ పనిచేస్తాయి. వాటిలోనూ స్విచ్‌తో మార్చాల్సినవి, వాటంతట అవే మారేవి అని రెండు రకాలున్నాయి. మార్చాల్సిన రకమైతే మోడలింగ్ బల్బు, ఫ్యూజు కూడా మార్చాలేమో చూడండి.

రెండోది మౌంటు. సాఫ్ట్‌బాక్స్, రిఫ్లెక్టర్, స్నూట్ (వెలుగుని సన్నగా చేసే గొట్టం) ఏది తగిలించాలన్నా లైటు మూతి దగ్గరుండే బిగింపే ఆధారం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి బోవెన్స్ ఎస్ మౌంటు కంటే సుఖమైనది లేదు. బోవెన్స్ కంపెనీ 2017లో మూతపడింది కానీ ఆ మూడు కొక్కేల మౌంటు బతికే ఉంది. గోడాక్స్ సహా ఎన్నో కంపెనీలు దానికే సామాను చేస్తున్నాయి. ఎలిన్‌క్రోమ్, ప్రోఫోటో మౌంట్లకీ సామాను దొరుకుతుంది, కాకపోతే ఖరీదెక్కువ. పాత ఎలిన్‌క్రోమ్ లైట్లలో అంబ్రెల్లా రంధ్రం 7 మిల్లీమీటర్లది, బయట దొరికే మామూలు అంబ్రెల్లా కాడ 8 మిల్లీమీటర్లు. ఇలాంటి చిన్న తేడాలే తర్వాత విసిగిస్తాయి. పేరు తెలియని మౌంటైతే, కిట్‌తో వచ్చే సాఫ్ట్‌బాక్సులతోనే మీ ప్రయాణం ఆగిపోతుందని అనుకుని ధర కట్టండి.

మూడోది, ఫ్లాష్ ట్యూబు ఇంకా దొరుకుతోందా అన్నది. మోడల్ పేరుతో వెతికి, ఆ మోడల్‌కే సరిపోయే ట్యూబు అమ్మకానికి ఉందో లేదో, దాని ధరెంతో చూడండి. లాగితే ఊడి వచ్చి, కొత్తది నొక్కితే కూర్చునే ట్యూబైతే మీరే మార్చుకోగలరు. సోల్డరింగ్ చేసి ఉంటే రిపేరు షాపు పని. ట్యూబు దొరకని లైటు ఎంత చవకైనా, ట్యూబు పోయిన రోజున అది స్టాండుకి వేలాడే బరువు మాత్రమే.

ఇక దగ్గరుండి చూడటం. ప్లగ్గు పెట్టకముందు లైటుని మెల్లగా అటూ ఇటూ వంచండి. లోపల ఏదైనా దొర్లుతున్న చప్పుడు వస్తే ఊడిన స్క్రూ కావచ్చు, పగిలిన గాజు కావచ్చు, రెండూ మంచివి కావు. గాలి రంధ్రాల దగ్గర వాసన చూడండి. మాడిన వాసనగానీ చేపల వాసన లాంటిదిగానీ వస్తే కెపాసిటర్ కారిందని అనుమానించాలి. గాజు డోము ఉంటే తీయించి ట్యూబుని చూడండి. రెండు కొసల దగ్గర కొద్దిగా బూడిదరంగు మచ్చ మామూలే. నల్లటి మసి ట్యూబు మధ్యదాకా పాకి ఉన్నా, గాజు పాలరంగులోకి మారినా, వెంట్రుకవాసి పగులున్నా ట్యూబు మార్చాల్సిందే. కొన్ని ట్యూబులు లేత పసుపు రంగులో ఉంటాయి, అది అతినీల కిరణాలను ఆపే పూత, లోపం కాదు. కానీ రెండు లైట్లలో ఒకదానికి పూత ఉండి రెండోదానికి లేకపోతే ఒకే ఫొటోలో రెండు రంగుల వెలుగు పడుతుంది. ట్యూబు చుట్టూ సన్నటి ట్రిగ్గర్ తీగ చుట్టి ఉంటుంది. అది వదులైతే లైటు కొట్టాల్సినప్పుడల్లా కొట్టదు. చూడటం వరకే, ట్యూబుని వేళ్లతో తాకవద్దు. వేలి జిడ్డు అంటిన చోట గాజు వేడికి దెబ్బతింటుంది.

పైన చెప్పినట్టు మెట్టుమెట్టుగా లైటుని లేపాక, ఒక్కో మెట్టులో మూడేసి ఫ్లాష్‌లు కొట్టించండి. తర్వాత ఫుల్ పవర్‌లో పది, ఆగకుండా. ఒక్కోసారి ఎంతసేపట్లో మళ్లీ సిద్ధమవుతోందో ఫోన్లో లెక్కపెట్టి, మాన్యువల్లో రాసిన దానితో పోల్చండి. రెండు సెకన్లని రాసి ఉంటే రెండున్నర వచ్చినా ఫర్వాలేదు. ఐదు సెకన్లు తీసుకుంటే చార్జింగ్ సర్క్యూటో కెపాసిటరో నీరసించినట్టే. తీర్పు చెప్పేముందు సన్నటి తీగ ఉన్న పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడుపుతున్నారేమో మాత్రం చూడండి. దానివల్ల మంచి లైటు కూడా నెమ్మదిస్తుంది.

తర్వాత ఫుల్ పవర్‌లో చార్జ్ అయ్యాక ఐదు నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఎవరూ నొక్కకుండానే తనంతట తాను వెలిగితే ట్రిగ్గర్ సర్క్యూట్‌లోనో ట్యూబులోనో తప్పుంది. అయితే ముందు ఆప్టికల్ స్లేవ్ కన్ను ఆపేయాలి, లేకపోతే పక్క లైటు మెరుపుకే ఇది వెలిగి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ ఐదు నిమిషాలయ్యాక పవర్‌ని ఫుల్ నుంచి కనిష్ఠానికి దించండి. కొత్త తరం లైట్లు ఎక్కువైన చార్జ్‌ని లోపలే వదిలించుకుంటాయి. చాలా పాతవైతే ఒక ఫ్లాష్ కొడితే గానీ తగ్గవు. తగ్గించాక తీసిన మొదటి ఫొటో మరీ తెల్లగా రావడం వాటి స్వభావం, రిపేరు కాదు.

కంటికి పది ఫ్లాష్‌లూ ఒకేలా కనిపిస్తాయి. అసలు సంగతి కెమెరాకే తెలుస్తుంది, అందుకని మీ కెమెరా, ట్రైపాడ్ తీసుకెళ్లండి. ఐఎస్ఓ 100, షట్టర్ 1/125, వైట్ బ్యాలెన్స్ 5500 కెల్విన్ దగ్గర స్థిరంగా, అంతా మాన్యువల్, ఫైలు రా (RAW) ఫార్మాట్‌లో. తెల్ల గోడకి రెండు మీటర్ల దూరంలో లైటు పెట్టి, గోడ లేత బూడిద రంగులో వచ్చేలా అపర్చర్ సరిచూసుకుని, పది ఫొటోలు తీయండి. సిద్ధమైనట్టు గుర్తు వచ్చాక ఇంకో సెకను ఆగి కొట్టండి. కొన్ని లైట్లు పూర్తిగా నిండకముందే బీప్ అనేస్తాయి. పది హిస్టోగ్రాములూ దాదాపు ఒకే చోట ఉండాలి. మంచి లైటులో తేడా పదోవంతు స్టాపుకి అటూఇటూ ఉంటుంది. మూడోవంతు స్టాపు దాకా ఊగుతుంటే ధర గురించి మాట్లాడాలి, అంతకు మించితే ఇంటికి బయలుదేరాలి. పవర్ సగానికి తగ్గించినప్పుడు వెలుగు సరిగ్గా ఒక స్టాపు పడాలి. ఫుల్‌లోనూ కనిష్ఠంలోనూ గోడ రంగు పోల్చండి. వోల్టేజీ రకంలో కనిష్ఠం దగ్గర కాస్త ఎర్రబడటం, ఐజీబీటీలో కాస్త నీలమవడం సహజం. రెండు లైట్లనీ ఒకే గోడ మీద ఇలా పరీక్షిస్తే అవి జంటగా పనికొస్తాయో లేదో కూడా అక్కడే తెలిసిపోతుంది.

కెమెరాకి తీగతో కలపకండి, రేడియో ట్రిగ్గర్ (తీగ లేకుండా లైటుని వెలిగించే పరికరం) వాడండి. పాత లైట్ల సింక్ సాకెట్లో (కెమెరా తీగ గుచ్చే చోట) వోల్టేజీ కొన్నిటిలో ఐదారు వోల్టులే ఉంటుంది, కొన్నిటిలో 200 దాటుతుంది. చాలా కెమెరాలు 250 వోల్టుల దాకా తట్టుకుంటాయని తయారీదారులే రాస్తారు. అన్నీ అలా కాదు, మీ మాన్యువల్ చూడాలి. మల్టీమీటర్ ఉంటే డీసీలో 600 లేదా 1000 వోల్టుల రేంజిలో పెట్టి, లైటుకి గుచ్చిన సింక్ తీగ రెండో కొస దగ్గర మధ్య పిన్నుకీ బయటి అంచుకీ మధ్య కొలవండి. లైటు చార్జ్ అయి ఉండాలి. కొలిచేటప్పుడు ఫ్లాష్ వెలగొచ్చు, ముఖం అటు పెట్టకండి. రేడియో రిసీవర్‌కి కూడా ఒక వోల్టేజీ పరిమితి ఉంటుంది, అది దాని మాన్యువల్లో ఉంటుంది. ఎక్కువ వోల్టేజీ లైటుని రిసీవర్‌కే కలపకుండా, రెండో లైటు మెరుపుతో ఆప్టికల్ స్లేవ్ ద్వారా వెలిగించడం అన్నిటికంటే నిశ్చింత. దీన్ని కెమెరా మీది చిన్న ఫ్లాష్‌తో వెలిగించాలనుకుంటే ఆ ఫ్లాష్ మాన్యువల్ మోడ్‌లో ఉండాలి. టీటీఎల్‌లో (కెమెరాయే వెలుగు కొలిచి ఫ్లాష్‌ని సరిచేసే పద్ధతిలో) ఉంటే ముందస్తు మెరుపుకే స్లేవ్ స్పందించి, షట్టర్ తెరుచుకునేలోపు లైటు ఖాళీ అయిపోతుంది. "స్లేవ్ పాడైంది" అని చవకగా అమ్మేసే లైట్లలో కొన్నిటి రోగం ఇదే!

400 వాట్ సెకన్ల గురించి. ఎక్కువ అంకె చూసి మురిసిపోవద్దు, తక్కువ చూసి చిన్నబోవద్దు. అది కెపాసిటర్‌లో నిండే శక్తి, బయటికొచ్చే వెలుగు కాదు. 200కీ 400కీ తేడా ఒక్క స్టాపే. 300కీ 400కీ అర స్టాపు కూడా లేదు. మామూలు గదిలో ఒక మనిషిని తీయడానికి మీకు ఎదురయ్యే ఇబ్బంది వెలుగు చాలకపోవడం కాదు, మరీ ఎక్కువవడం. సాఫ్ట్‌బాక్స్ ముఖానికి మీటరు దూరంలో ఉండి ఫుల్ పవర్‌కి ఎఫ్/16 వస్తోందనుకోండి. పవర్ 1/8 వరకే తగ్గే లైటైతే ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతారు. 1/32 వరకు తగ్గేదైతే ఎఫ్/2.8 దాకా వెళ్లొచ్చు. వెనక భాగం మసకగా ఉండే పోర్ట్రెయిట్లు మీకిష్టమైతే ఈ కింది అంకే ముఖ్యం. 1/8 రకమే చేతికొస్తే లెన్సుకి వెలుగుని మూడు స్టాపులు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ (నల్లటి అద్దం) పెట్టి నెట్టుకురావచ్చు. పాత లైట్లతో హై స్పీడ్ సింక్ (మరీ వేగమైన షట్టర్‌తో ఫ్లాష్ వాడటం) ఆశించకండి, 1/125 దగ్గర హాయిగా పనిచేసుకోండి.

ఎల్‌ఈడీ సంగతి. వీడియో కూడా తీస్తారంటే అదే కొనండి, ఈ ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోవచ్చు. ఫొటోలకే అయితే లెక్క ఇలా ఉంటుంది: 100 వాట్ల ఎల్‌ఈడీ 1/125 సెకనులో వాడుకునేది 0.8 వాట్ సెకన్లు. మీ స్ట్రోబ్ ఒక్క మెరుపుకి 400. ఎల్‌ఈడీ కరెంటుని మెరుగ్గా వెలుగుగా మారుస్తుందన్న సంగతి కలుపుకున్నా తేడా వంద రెట్లకు పైనే. కదలని వస్తువులకి ట్రైపాడ్ మీద అర సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చి ఎల్‌ఈడీతో లాగించేయొచ్చు. మనుషులకి, అందులోనూ పిల్లలకి, స్ట్రోబే.

విడి పవర్ ప్యాకుకి రెండు మూడు హెడ్లు (ట్యూబు ఉండే లైటు భాగాలు) తీగలతో కలిపే రకం ఎవరైనా చవకగా చూపిస్తే మొదటిసారికి వద్దు. ప్యాకు పోతే అన్ని లైట్లూ పోయినట్టే. చార్జ్ ఉండగా హెడ్ తీగ పీకడం లాంటి పొరపాటు పాత వాటిలో ప్రమాదకరం. బ్యాటరీతో నడిచే స్ట్రోబ్ అయితే బ్యాటరీ ఉబ్బిందేమో చూసి, కొత్త బ్యాటరీ ధర కలుపుకుని బేరమాడండి.

మీ బేరం విషయానికొస్తే, మౌంటు బోవెన్స్ అయి, ట్యూబు దొరుకుతూ, వోల్టేజీ రకమై, పైన చెప్పిన పరీక్షలకి ఆయన ఒక పూట ఓపిక పడితే, మూడో వంతు ధర న్యాయమే. అడగాల్సింది మాత్రం ఒక్క లైటు ధర. రెండోది పోయినా నష్టం లేదనిపించే మొత్తం దగ్గర ఆగండి. "ఆన్ అవుతోందిగా, ఇంక పరీక్షలెందుకు" అంటే మర్యాదగా తప్పుకోండి. సాఫ్ట్‌బాక్సుల లోపలి వెండి పూత రాలుతోందా, తెల్ల గుడ్డ పసుపెక్కిందా చూడండి. పసుపెక్కిన గుడ్డ వెలుగు రంగునే మార్చేస్తుంది. మొదటి నెలకి ఒక లైటు, 100 సెంటీమీటర్ల తెల్ల అంబ్రెల్లా, రెండో వైపు ఒక తెల్ల థర్మోకోల్ షీటు చాలు. మిగిలిన డబ్బు రేడియో ట్రిగ్గర్‌కీ బరువైన స్టాండుకీ పెట్టండి. కిట్లతో వచ్చే సన్నటి స్టాండ్లు సాఫ్ట్‌బాక్స్ బరువుకి పక్కకి వాలిపోతాయి. లైటు పగలడానికి కెపాసిటర్ కంటే అవే ఎక్కువ కారణం.

ఒక్క విషయంలో మాత్రం చొరవ వద్దు. లైటు మూత విప్పకండి. ప్లగ్గు తీసేసినా కెపాసిటర్లలో 300 వోల్టులకి పైగా నిలిచి ఉండొచ్చు. 400 వాట్ సెకన్లు గుండెని ఆపడానికి సరిపోతాయి. ట్యూబు మార్చాలన్నా పవర్ కనిష్ఠానికి దించి, ఒక ఫ్లాష్ కొట్టి, అది మళ్లీ చార్జ్ అయ్యేలోపు ఆఫ్ చేసి ప్లగ్గు తీసి, కనీసం అరగంట ఆగాలి. పొడి గుడ్డతో పట్టుకుని నేరుగా లాగాలి, సాకెట్ లోపలి లోహాన్ని తాకకూడదు. కొనుక్కుని ఇంటికి తెచ్చుకునేటప్పుడు కూడా ఇలాగే ఖాళీ చేసి, ఊడి వచ్చే రకమైతే ట్యూబూ మోడలింగ్ బల్బూ తీసి విడిగా మెత్తటి గుడ్డలో చుట్టండి. తీయడానికి వీల్లేకపోతే ప్లాస్టిక్ మూత బిగించి, లైటు మూతి పైకి ఉండేలా పెట్టెలో నిలబెట్టి తీసుకురండి.